పెప్సీ అవ్వ ఫ్రిజ్ మూయించే ముందు ఒక్క మాట



పోయిన ఆదివారం మన సమావేశంలో చివరికి వచ్చిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. రథోత్సవం లెక్కలు అయినయ్, విద్యార్థుల బహుమతుల సంగతి అయింది, అందరూ చెప్పులు వేసుకుంటున్న సమయంలో ఒక పెద్దమనిషి లేచి, "ఇండ్లల్లో చేసి అమ్మే ఈ పెప్సీలు బందు చేయించాలె. పిల్లలకు కడుపు నొప్పులు వస్తున్నయ్. గల్లీలల్ల బోర్డు పెట్టిద్దాం" అన్నారు. నలుగురు తలూపారు. వచ్చే సమావేశంలో తీర్మానం చేద్దామని రాసుకున్నారు. ఆరోజు మేము కూడా అక్కడే ఉన్నాం. కాదనలేదు, అవుననలేదు. ఇంటికి వచ్చాక ఊరుకోలేకపోయాం. గల్లీలో పుట్టి పెరిగిన ఐదారు ఇళ్ళవాళ్ళం అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాక ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

మొదట, సోలాపూర్ బయట ఉన్న మన సభ్యుల కోసం. పెప్సీ అంటే సీసాలో వచ్చే నల్లటి కూల్‌డ్రింకు కాదు. దానికీ దీనికీ పేరు తప్ప ఏ చుట్టరికం లేదు. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు ఉండే సన్నటి ప్లాస్టిక్ పన్నీలో తియ్యటి నీళ్ళో పాలో పోసి, మూతి ముడేసి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన ఐసు. పిల్లలు ఒక మూల పంటితో కొరికి చీకుతారు. మహారాష్ట్రలో మరాఠీ పిల్లలకు కూడా ఇది పెప్సీయే. తమిళనాడులో ఉన్న మన చుట్టాల పిల్లలు సేమియా ఐసు, పాల ఐసు అంటారు. ఆ ఐసులో పుల్ల ఉంటుంది, ఇందులో ఉండదు.

మా గల్లీలో దీన్ని చేసే ఆమెను పిల్లలు పెప్సీ అవ్వ అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది, గల్లీలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. అరవై దాటింది. పొద్దున బీడీల చాట ఒళ్ళో పెట్టుకుంటే పదింటి దాకా లేవదు. తునికాకు కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టి కార్ఖానాకు పంపడం అయ్యాక రెండో పని మొదలవుతుంది. ఆ పని ఎంత పద్ధతిగా జరుగుతుందో బోర్డు పెట్టాలనే వాళ్ళు ఒక్కసారి వచ్చి చూడాలని మా కోరిక.

రాత్రి పెద్ద గిన్నెడు నీళ్ళు పొంగు వచ్చేదాకా కాచి, మూత పెట్టి చల్లారనిస్తుంది. పొద్దున లీటరుకు సుమారు 120 గ్రాముల లెక్కన పంచదార కలుపుతుంది. చక్కెర ఎక్కువైతే ఐసు గట్టిపడదు, జావలాగ ఉండిపోతుంది. తక్కువైతే రాయి అవుతుంది, పిల్లలు చప్పరించిన రెండు నిమిషాల్లో రుచంతా పోయి తెల్ల గడ్డ మిగులుతుంది. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు, నాలుక చెప్పింది. నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపితే నిమ్మ పెప్సీ. ఉడకబెట్టిన పచ్చి మామిడికాయ గుజ్జు కలిపితే మామిడి పెప్సీ. పాల పెప్సీకి పాలు కాచేటప్పుడే ఒక చెంచా బియ్యప్పిండి, రెండు ఏలకులు వేస్తుంది. పిండి వేయకపోతే పాలు మంచుముక్కల్లాగ కరకరలాడుతాయి, వేస్తే మెత్తగా వస్తుంది. సగ్గుబియ్యం ఉడికించి అడుగున వేసిన పెప్సీ శనివారాలకు మాత్రమే. దానికోసం పిల్లలు శుక్రవారమే పైసలు కట్టి చెప్పిపోతారు.

పన్నీ మూతిలో గరాటు పెట్టి పోసేటప్పుడు పైన వేలెడు ఖాళీ వదిలి ముడేస్తుంది. నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయి కదా, నిండా పోస్తే పన్నీ పగులుతుంది. ఫ్రిజ్‌లో నిలబెట్టదు, పడుకోబెట్టి వరసలు పేరుస్తుంది. అట్లయితేనే తొందరగా గట్టిపడతాయి. పిల్లవాడు వచ్చినప్పుడల్లా తలుపు తీస్తే చల్లదనం పోతుందని పొద్దున పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి తీస్తుంది. మధ్యలో ఎంత ఏడ్చినా తీయదు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఊరు మనది. నాలుగింటికి ఆ తలుపు దగ్గర వరస కట్టిన చెప్పులను చూస్తే లోపల ఏదో పెండ్లి అవుతున్నదని కొత్తవాళ్ళు అనుకుంటారు.

ఇంకొక సంగతి. మధ్యాహ్నం కరెంటు పోయి రెండు మూడు గంటలు రాకపోతే పాల పెప్సీలు మెత్తబడతాయి. ఆమె వాటిని మళ్ళీ గడ్డకట్టించి అమ్మదు. కరిగిన పాలు మళ్ళీ ఐసు చేస్తే పిల్లల కడుపు చెడుతుందని ఆమెకు తెలుసు. కరగడం మొదలవగానే తలుపు తీసి, ఎవరున్నారో పిలిచి ఊరికే పంచేస్తుంది. అందుకే మా గల్లీ పిల్లలు ఎండాకాలం కరెంటు పోవాలని దేవునికి మొక్కుకుంటారు.

ఇప్పుడు లెక్క చెప్పుకుందాం, ఎందుకంటే మనది లెక్కలు తెలిసిన సంఘం. ఐదు లీటర్లు కలిపితే సుమారు 60 పెప్సీలు వస్తాయి. ఒక్కటి 2 రూపాయలు. మొత్తం 120 రూపాయలు. చక్కెరకు 27, నిమ్మకాయలూ మామిడికాయలూ 15, పన్నీలు 10, గ్యాసు కరెంటు కలిపి 15 అనుకున్నా ఆమె చేతిలో మిగిలేది 50 రూపాయల పైచిలుకు. అప్పు పెట్టి ఎగ్గొట్టే పిల్లల సంగతి తీసేస్తే 50. రెండు నెలల సీజనుకు 3,000 రూపాయలు. మనకు ఇది చిన్న మొత్తం. జూన్‌లో బడి తెరిచే వారం ఇద్దరు మనవళ్ళ నోటుబుక్కులు, బూట్లు, దప్తరు ఆ డబ్బుతోనే వస్తాయి. ఆ ఫ్రిజ్ కూడా భిషిలో డబ్బు ఎత్తి కొన్న పాత ఫ్రిజ్. మన తాతలు తెలంగాణ జిల్లాల నుంచి ఈ ఊరికి మగ్గం పని కోసం వచ్చినప్పుడు ఇంట్లో మగ్గం ఉంటే ఇల్లు నిలబడింది. మిల్లులు పోయాక, మగ్గాలు తగ్గాక బీడీల చాట నిలబెట్టింది. ఎండాకాలం రెండు నెలలు ఈ ఫ్రిజ్ దానికి తోడు. మా గల్లీలోనే కాదు, కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం కట్టిన గోదూతాయి పరుళేకర్ కాలనీకి వెళ్ళిన మన చుట్టాల ఇళ్ళల్లో కూడా ఇదే పని చేసేవాళ్ళు ఉన్నారు.

"అయితే పిల్లల ఆరోగ్యం సంగతి ఏమిటి?" అని మీరు అడుగుతారు. అడగాలి. మేము దాన్ని తప్పించుకోవడం లేదు. పెద్దమనిషి చెప్పిన మాటలో నిజం ఉంది.

గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని మనలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. చలికి చాలా క్రిములు నిద్రపోతాయి, చావవు. నీళ్ళు చెడ్డవైతే ఐసు కూడా చెడ్డదే, నోట్లో కరగగానే అవి లేస్తాయి. మన పూర్వ భాగంలో నీళ్ళ పరిస్థితి మనకు కొత్తగా చెప్పాలా? ఉజని డ్యామ్ నిండా నీళ్ళున్నా ఏళ్ళ తరబడి నాలుగైదు రోజులకు ఒకసారి నల్లా వచ్చిన ఊరు. డ్రమ్ముల్లో, హౌదుల్లో పట్టి దాచుకుంటాం. నాలుగో రోజు ఆ అడుగు నీళ్ళతో ఎవరైనా పెప్సీ చేస్తే పిల్లలకు కడుపు నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం.

దీని గురించి మాట్లాడే హక్కు మాకు ఉంది, ఎందుకంటే ఆ తప్పు మా ఇంట్లోనే జరిగింది. పాతికేళ్ళ కిందట మాలో ఒకరి తల్లి కూడా పెప్సీలు చేసి అమ్మేది. ఒక ఎండాకాలం గ్యాసు అయిపోయింది, పన్నీలు వచ్చి ఉన్నాయి, పిల్లలు తలుపు కొడుతున్నారు. ఒక్కరోజే కదా అని నీళ్ళు కాచకుండా కలిపింది. రెండో రోజుకు ఐదుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు. అందులో ఒకరు ఆమె సొంత కొడుకు. ఆమె ఏం చేసిందో మాకు బాగా గుర్తుంది. చెంబులో ఉప్పు చక్కెర కలిపిన కాచిన నీళ్ళు పట్టుకుని ఐదు ఇళ్ళ గడపలూ ఎక్కింది. "నాతోని తప్పయింది వదినా, నీళ్ళు కాయలేదు" అని తానే చెప్పింది. ఎవరూ అడగకముందే చెప్పింది. ఒక ఇంటి ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టించుకుంది. ఒక పిల్లను దవాఖానకు తీసుకుపోతే రిక్షా డబ్బులు ఇచ్చి కూడా పోయింది. పిల్లలు నాలుగు రోజుల్లో తేరుకున్నారు.

ఆ తర్వాత గల్లీ ఏం చేసింది? బోర్డు పెట్టలేదు. తిట్టిన ఆ వదినే వారం తర్వాత వచ్చి, "మళ్ళ ఎప్పుడు చేస్తవ్? నీళ్ళు నా ముందల కాయి, నేను చూస్త" అంది. చూసింది కూడా. ఆ ఎండాకాలమంతా పొయ్యి మీద గిన్నె పొంగేదాకా అరుగు మీద కూర్చునేది. తప్పు ఎక్కడ జరిగిందో గల్లీ గుర్తుపట్టింది, ఆ ఒక్క దాన్నే సరిచేసింది. పని నిలిచింది, పిల్లలకు మళ్ళీ జబ్బు రాలేదు. ఇప్పటి పెప్సీ అవ్వ ఆ రోజుల్లో ఆ ఇంటి పక్కన ఉండేది. రాత్రి నీళ్ళు కాచి పెట్టే అలవాటు ఆమెకు అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు బోర్డు పెడితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. పిల్లలు ఐసు తినడం మానేస్తారా? నలభై రెండు డిగ్రీల ఎండలో? చేతిలో రెండు రూపాయలున్న పిల్లవాడు గల్లీ దాటి చౌక్‌లోకి పోతాడు. అక్కడ బండి మీద గోళా వాడు ఉంటాడు. మంచివాళ్ళూ ఉంటారు, మేము ఎవరినీ అనడం లేదు. కాని ఆ గడ్డ ఐసు ఏ ఫ్యాక్టరీది, తినడానికి చేసినదా, చేపలు చెడిపోకుండా పెట్టడానికి చేసినదా అన్నది పిల్లవాడు అడగలేడు. ఈ కల్తీ ఉన్నదనే, తినడానికి కాని ఐసుకు నీలం రంగు కలపాలని ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. 2018లో నియమం పెట్టింది. గల్లీలో చేసే అవ్వ ఎవరో మనకు తెలుసు, ఆమె గిన్నె తెలుసు, ఆమె మనవళ్ళు కూడా అదే తింటారు. తెలిసిన చేతిని మూసి, తెలియని చేతికి పిల్లలను పంపడం ఆరోగ్యం కాపాడడం ఎట్లా అవుతుంది?

పోయిన ఏడు మన వేసవి శిబిరంలో పిల్లలకు కంపెనీ కప్పులు పంచాం. ఫోటోలు కూడా గ్రూపులో పెట్టాం. ఆ కప్పు మూత మీద చిన్న అక్షరాలు ఎవరైనా చదివారా? ఐస్‌క్రీమ్ అని లేదు, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంది. అంటే అందులో పాల వెన్నకు బదులు వనస్పతి నూనెల కొవ్వు వాడారని అర్థం. చట్టం ఒప్పుకున్నదే, విషమేమీ కాదు. కాని అవ్వ చేసే పాల పెప్సీలో ఉన్నన్ని పాలు ఆ కప్పులో ఉంటాయని మేము ఒప్పుకోం. మూత ఉంటే శుభ్రం, ముడి ఉంటే మురికి అనే లెక్క మనది.

ఇంకొక లాభం ఉంది, అది డబ్బులో కనిపించదు. మన సంఘం ప్రతి ఏడూ ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తుంది. వేదిక మీద పెద్దలం ఉంటాం, కింద కుర్చీల్లో కూడా పెద్దలమే. పిల్లలు రారు. మన పిల్లలు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోతున్నారు, ఇంట్లో టీవీ హిందీ. ఊర్లో తెలుగు బడుల్లో ఎంతమంది మిగిలారో మీకే తెలుసు. మరి మా గల్లీ పిల్లలు రోజుకు రెండుసార్లు తప్పకుండా తెలుగు మాట్లాడే చోటు ఒకటుంది. అవ్వకు మరాఠీ రాదని కాదు, బాగా వచ్చు. కాని ఐసు అడిగేది తెలుగులోనే అడగాలని ఆమె పట్టు.

"అవ్వా, దోన్ పెప్సీ దే."

"ఏందిరా? నాకు ఇనబడలే."

"అవ్వా, రెండు పెప్సీలు ఇయ్యవా?"

"ఏ రెండు? నిమ్మయా, పాలయా?"

"ఒకటి నిమ్మది, ఒకటి పాలది. పైసలు రేపు ఇస్త."

"రేపు అంటే ఎన్నడు? ఏం వారం?"

వాడు వేళ్ళ మీద వారాల పేర్లు చెప్పుకుని "బేస్తవారం" అన్నాకగాని తలుపు తెరుచుకోదు. పక్క గల్లీ మరాఠీ పిల్లలు, కన్నడ పిల్లలు, ముస్లిం పిల్లలు కూడా "ఇయ్యవా" అని అడిగి తీసుకుపోతారు. లెక్కలూ వారాలూ రుచుల పేర్లూ అన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఒక్క ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక్క శాలువా కప్పించుకోకుండా ఆమె చేస్తున్న పని ఇది. ఆమె ఇంటికి మనం బోర్డు పెట్టి, ఆగస్టులో వేదిక ఎక్కి "పిల్లలకు తెలుగు రావడం లేదు" అని బాధపడితే ఎట్లా?

అన్నీ బాగున్నాయని మేము అనడం లేదు. పన్నీల చెత్త నిజమైన సమస్య. నాలుగున్నరకు మా గల్లీ మోరీ చూస్తే మాకే సిగ్గు వేస్తుంది. కొందరు వాడే రంగులు కూడా మంచివి కావు. పిల్లవాడి నాలుక మరునాడు కూడా ఎర్రగా ఉంటే ఆ రంగు ఎక్కువైందని అర్థం. ఈ మాట అవ్వతోనే అన్నాం. "రంగు లేకపోతే పిల్లలు ముట్టరు బిడ్డా" అంది మొదట. నిమ్మ పెప్సీకి రంగు మానేసి చూసింది. ఒక వారం గొణిగారు, ఆ తర్వాత మరిచిపోయారు.

అందుకని, తీర్మానం చేయాలంటే ఇట్లా చేద్దామని మా మనవి.

ఒకటి: ఇండ్లల్లో ఐసు చేసి అమ్మే ఆడవాళ్ళను ఒక సాయంత్రం మన హాలుకు పిలుద్దాం, దోషులుగా కాదు, అతిథులుగా. మన సభ్యుల్లో డాక్టర్లు ఉన్నారు కదా, నీళ్ళు ఎంతసేపు కాయాలి, చేతులు ఎట్లా కడగాలి, కరిగినదాన్ని ఎందుకు మళ్ళీ పెట్టకూడదు అని అరగంట తెలుగులో చెప్పమందాం. ఆడవాళ్ళు చెప్పేది మనమూ వినాలి.

రెండు: చట్టం కూడా ఇట్లాంటి పనిని బందు పెట్టమనదు, నమోదు చేసుకోమంటుంది. ఆహార భద్రతా చట్టం 2006 కింద చిన్న అమ్మకందార్లకు ఈ నమోదు ఉంది. ఆధార్ కార్డు, ఫోటో పెట్టి ఆన్‌లైన్లో నింపాలి. అవ్వకు ఆన్‌లైన్ రాదు. మన పిల్లలకు వచ్చు. సంఘం ఆఫీసులో ఒక ఆదివారం కూర్చుని అందరివీ నింపేద్దాం. రుసుము ఏదైనా ఉంటే సంఘం పెట్టుకోలేదా?

మూడు: ఆహారానికి పనికివచ్చే మంచి పన్నీలు, ఒప్పుకున్న రంగులు టోకున తెప్పించి కొన్న ధరకే ఇద్దాం. ఒక్కొక్కరు కొంటే ఖరీదు, పదిమంది కలిస్తే చవక. నేత సొసైటీల్లో నూలు ఇట్లాగే కొనుక్కున్న జాతి మనది, ఇది మనకు కొత్త కాదు.

నాలుగు: పది ఖాళీ పన్నీలు తెచ్చి ఇచ్చిన పిల్లవాడికి ఒక పెప్సీ ఉచితం. ఆ ఒక్క దాని ఖర్చు సంఘానిది. మోరీలు ఎంత తొందరగా శుభ్రమవుతాయో చూడండి.

ఐదు: ఈ ఏడు వేసవి శిబిరానికి కంపెనీ కప్పులు వద్దు. మన గల్లీల అవ్వల దగ్గర, అక్కల దగ్గర పాల పెప్సీలు చేయిద్దాం. ముందు రోజు ఇద్దరు సభ్యులు పోయి నీళ్ళు, పాలు కాచేటప్పుడు పక్కన కూర్చోవాలి, ఆ వదిన కూర్చున్నట్టు.

ఇవన్నీ చేశాక కూడా ఎవరైనా మొండికేసి కాయని నీళ్ళతో చేస్తే, ఆ ఒక్కరి దగ్గర కొనవద్దని మేమే ముందు నిలబడి చెబుతాం. పిల్లల ప్రాణం కన్నా మాకు ఏదీ ఎక్కువ కాదు. కాని చెప్పి చూడకముందే తలుపు మూయించడం మన పద్ధతి కాదు.

బోర్డు మాట ఎత్తిన పెద్దమనిషి మీద మాకు కోపం లేదు. ఆయన మనవడికి కడుపు నొప్పి వచ్చింది, తాత మనసు ఆగలేదు. ఆయనను మేము కలిశాం కూడా. ఆ పిల్లవాడు అదే రోజు ఒక పెండ్లిలో డ్రమ్ము నీళ్ళు తాగాడని ఇంట్లోవాళ్ళే చెప్పారు. ఏది కారణమో ఎవరూ తేల్చలేరు. "అయితే ఒకసారి ఆమె ఇంటికి పోదాం పాండి" అన్నారాయన. బుధవారం రాత్రి ఆమె నీళ్ళు కాచే వేళకు పోతున్నాం. వచ్చేవాళ్ళు రావచ్చు.

వచ్చే సమావేశంలో దీని మీద మాట్లాడటానికి పది నిమిషాలు ఇవ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాం, చెప్పులు వేసుకునే వేళకు కాదు, మొదట్లోనే. మీ గల్లీలో కూడా ఇట్లా ఐసు చేసే ఆమె ఉంటే, ఎన్నేళ్ళుగా చేస్తున్నదో, నీళ్ళు ఎట్లా కాస్తుందో కింద రాయండి. మా మాటలో తప్పుంటే అది కూడా రాయండి, దిద్దుకుంటాం.